ఈ నెల నా పాటలు: గా పిలగాని పేరేంది?

నెలాఖరు వచ్చేసింది, కాబట్టి మన పాటల ఎపిసోడ్. కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. ప్రతి నెలా నేను మళ్లీ మళ్లీ విన్న పాటలు తీసుకుంటాను. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎవరు రాశారు, అప్పుడు బయట ఏం జరుగుతోంది, నాకెందుకు పట్టుకున్నాయి, ఇవే చెప్పుకుంటాం. హిస్టరీ క్లాసే, కాకపోతే పరీక్ష ఉండదు.

ఈసారి మొదట నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మూడు నెలల కింద నేను ఒక చిన్న వీడియో పెట్టాను, గుర్తుందా? గోడకి ఆనుకుని కూర్చుని ‘పల్లెటూరి పిల్లగాడా’ పాడాను. బాగానే చూశారు మీరంతా. కింద డిస్క్రిప్షన్‌లో నేను రాసింది ఇది: తెలంగాణ జానపదం, రచయిత తెలియదు. రెండో రోజు ఒకరు కామెంట్ పెట్టారు. "అన్నా, రచయిత తెలియకపోవడం కాదు. నీకు తెలియదు." అంతే. తిట్టలేదు, లింకు పెట్టలేదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే నేను కనీసం వెతకలేదు. పల్లె యాస ఉంది, పశువులు ఉన్నాయి, గొంగడి ఉంది, ఇంకేం, జానపదమే అనుకున్నాను.

తర్వాత వెతికితే నాలాంటివాళ్లు చాలామందే కనిపించారు. అదే పాట ఒకచోట ‘జానపదం’, ఇంకోచోట సినిమా పేరు మాత్రమే, మరోచోట అప్‌లోడ్ చేసిన ఛానల్ పేరే రచయిత పేరైపోయింది. అందుకే ఈ నెల లిస్టు అలా తయారైంది. నాలుగు పాటలు. నాలుగూ మనందరికీ తెలుసు. వాటి వెనకున్న మనుషుల పేర్లు అడిగితే తడుముకుంటాం. మూడు కొంచెం త్వరగా చెప్తాను, నాలుగోదాని దగ్గర ఆగుతాను.

మొదటిది ‘మాకొద్దీ తెల్లదొరతనము’. ఏడో తరగతిలో పంద్రాగస్టుకి స్టేజీ మీద పాడాను దీన్ని. స్టీల్ టిఫిన్ బాక్స్ ప్రైజ్ వచ్చింది. మూత ఎప్పుడో పోయింది, డబ్బా ఇంకా మా ఇంట్లో పోపుల సామాన్ల దగ్గర ఉంది. ఆ రోజు మైకులో "ఇప్పుడు ఒక దేశభక్తి గీతం" అన్నారు. ఎవరు రాశారో చెప్పలేదు, నేనూ అడగలేదు.

రాసింది గరిమెళ్ల సత్యనారాయణ. 1893లో పుట్టారు, శ్రీకాకుళం వైపు, నరసన్నపేట దగ్గర గోనెపాడు. రాజమండ్రిలో టీచర్ ట్రైనింగ్ చదువుతుండగా గాంధీ సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది, చదువు వదిలేసి ఉద్యమంలోకి దూకేశారు. అప్పటికి మన దగ్గర రేడియో లేదు, మాట్లాడే సినిమా లేదు. పాట వెళ్లాలంటే మనిషి వెళ్లాలి. ఈయన ఊరూరా తిరిగి పాడారు, జనం నేర్చుకున్నారు, పక్క ఊరికి మోసుకెళ్లారు. వైరల్ అనే మాటకి అప్పటి అర్థం అదే. ప్రభుత్వం 1922లో ఏడాది జైలు వేసింది. బయటికి రాగానే మళ్లీ పాడారు. ఈసారి రెండున్నరేళ్లు.

ఒక పాటకి రెండుసార్లు జైలు. స్కూల్లో నాకు ఈ ముక్క చెప్పుంటే ఆ స్టేజీ మీద ఇంకాస్త నిటారుగా నిలబడేవాణ్ణి.

ఇంకో విషయం గమనించండి. ఈ పాటలో ఉప్పు గురించి ఫిర్యాదు ఉంది. గాంధీ దండికి నడిచింది 1930లో. పాట దానికి ఎనిమిదేళ్లు ముందే జైలుకి వెళ్లొచ్చింది! అంటే ఉప్పు మీద కోపం దండిలో పుట్టలేదు, అప్పటికే తెలుగు ఇళ్లల్లో, వంటగదుల్లో ఉంది. ఒక నాయకుడు దాన్ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లడానికి ముందే ఒక టీచరు దాన్ని పాటలో పెట్టేశాడు. చరిత్ర పుస్తకంలో మనం ఉద్యమాల తేదీలు చదువుతాం. ఆ తేదీల కంటే ముందు జనం ఏం గొణుక్కుంటున్నారో పాటల్లో దొరుకుతుంది. నాకు ఈ షో చేయాలనిపించిన కారణాల్లో ఇదొకటి.

గరిమెళ్ల 1952లో మద్రాసులో చనిపోయారు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకి, పేదరికంలో. అప్పటికి ఆయన వద్దన్న దొరలు వెళ్లిపోయారు, పాట స్కూళ్లలో పాడుతున్నారు.

రెండోది ‘బండెనక బండి కట్టి’. ఇది ఎవరిది అని ఇప్పుడు మీరు కామెంట్లలో రాస్తే తొంభై మంది గద్దర్ అంటారు. నేను కూడా అదే అనేవాణ్ణి. రాసింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల మనిషి, ఆ పోరాటంలోనే పుట్టిన పాట.

ఆ పోరాటం గురించి రెండు నిమిషాలు, ఎందుకంటే నాలుగో పాటకి కూడా ఇది కావాలి. అప్పటికి హైదరాబాద్ రాజ్యం నిజాం కింద ఉంది. ఊళ్లలో దొరలు, దేశ్‌ముఖ్‌లు. వాళ్ల గడీలకి ఊరి జనం వెట్టి చేయాలి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి పని వాళ్లు కూలి లేకుండా చేయాలి. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగినప్పటి నుంచి పల్లెల్లో సంఘాలు బలపడ్డాయి. ఊరివాళ్లు దాన్ని ‘సంగం’ అనేవాళ్లు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడినుంచి అది సాయుధ పోరాటం అయింది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం ఆ తర్వాత కూడా సాగింది, 1951 అక్టోబర్‌లో విరమించారు.

పాట అక్కడ ఆగిపోయి ఉండొచ్చు. ఆగలేదు, ఎందుకంటే ‘మాభూమి’ సినిమా వచ్చింది. 1979లో తీశారు, 1980లో థియేటర్లకి వచ్చింది. ఈ సినిమా పుట్టుక భలే ఉంటుంది వినండి. మూలం కృష్ణ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల. డైరెక్టర్ గౌతమ్ ఘోష్, బెంగాలీ ఆయన, ఆయన మొదటి కథాచిత్రం. నిర్మాతల్లో ఒకరు బి. నర్సింగరావు. సంగీతం వింజమూరి సీత, కాకినాడ వైపు కుటుంబం, అక్క అనసూయతో కలిసి మద్రాసు రేడియోలో జానపదాలు పాడి పేరు తెచ్చుకున్నావిడ. ఉర్దూ నవల, బెంగాలీ డైరెక్టర్, గోదావరి గాలి పీల్చిన సంగీతం, తెలంగాణ కథ. ‘మా పాట’, ‘మీ పాట’ అని కొట్టుకునేవాళ్లకి నేను ఈ టైటిల్ కార్డ్ చూపిస్తుంటాను.

అందులో తెర మీద గద్దరే కనిపించి ‘బండెనక బండి’ పాడతారు. ఆ గొంతు, ఆ అడుగు ఒకసారి చూశాక ఇంకొకరిని ఊహించుకోలేం. అలా పాట గద్దర్‌ది అయిపోయింది. ఆయన లాక్కోలేదు, మనమే ఇచ్చేశాం. అసలు ఆయన పేరే ఆయనది కాదు కదా. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్, గదర్ పార్టీ పేరు తీసుకుని గద్దర్ అయ్యారు. 2023 ఆగస్టు 6న పోయారు. ఆ రోజు టీవీల్లో గంటలకొద్దీ ఈ పాట వేశారు, యాదగిరి పేరు నాకైతే ఒక్కసారి కూడా వినపడలేదు.

నాకు ఈ పాట తగిలింది 2011లో. సకల జనుల సమ్మె, బడి బంద్. మా పిల్లలకి అదొక పండగ. రోడ్డు మీద వంట, రోడ్డు మీద ఆట, సాయంత్రం అయితే డప్పులు. అప్పుడు ఈ పాటలో నిజాం ఉన్న చోట వేరే పేర్లు పెట్టి పాడేవాళ్లు. నాకేమో నిజాం అంటే ఎవరో తెలియదు, ఎవరో చెడ్డాయన, రేపు దిగిపోతాడు, ఎల్లుండి బడి తెరుస్తారు అని బాధపడేవాణ్ణి. (నవ్వు)

మూడోది ‘సారంగదరియా’. ఇది పెట్టినందుకు కొందరు నవ్వుతారు, పోరాట పాటల మధ్య డాన్స్ పాటేంటి అని. నేను జిమ్‌లో వింటాను, దాచేదేముంది. కానీ దీని కథ మన టాపిక్కే. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం, మంగ్లీ పాడారు. సినిమాకి రాసింది సుద్దాల అశోక్‌తేజ. పాట కోట్లమంది చూస్తుండగా, ఆ జానపదాన్ని సేకరించి టీవీ పాటల పోటీలో తానే పాడానని కోమలి అనే గాయని ముందుకొచ్చారు, నా పేరేది అని అడిగారు. పెద్ద చర్చ జరిగింది. ఊళ్లో ముసలమ్మల నోట్లో ఉన్న పాటకి ఎవరు యజమాని? మొదట పాడిన ముసలమ్మా, వెతికి తెచ్చిన అమ్మాయా, కొత్త చరణాలు రాసిన కవా? నాకైతే ముగ్గురి పేర్లూ పట్టేంత చోటు స్క్రీన్ మీద ఉంది అనిపించింది.

ఇక్కడ సుద్దాల అశోక్‌తేజ అనే పేరు పట్టుకోండి. ఎందుకంటే నేను ‘రచయిత తెలియదు’ అని రాసిన పాట వాళ్ల నాన్నది.

నాలుగోది, ‘పల్లెటూరి పిల్లగాడా’. రాసింది సుద్దాల హనుమంతు.

పుట్టింది మోత్కూరు దగ్గర పాలడుగులో, స్థిరపడింది అప్పటి నల్లగొండ జిల్లా సుద్దాలలో. ఆ ఊరే ఇంటిపేరులాగా అయిపోయింది. పద్మశాలీల కుటుంబం. హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేశారు, ఆర్యసమాజం వైపు వెళ్లారు, తర్వాత ఆంధ్ర మహాసభ, సంగం. ఆయన చేసిన తెలివైన పని ఏంటంటే, జనానికి కొత్త కళ నేర్పలేదు. వాళ్లు చిన్నప్పటి నుంచి చూస్తున్నవే తీసుకున్నారు. గొల్లసుద్దులు, బుర్రకథ, ఫకీరు వేషం. గొల్లసుద్దులంటే గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, మధ్యమధ్య మాటలతో నవ్విస్తూ కథ చెప్తారు. ఊళ్లోకి అలా ఎవరైనా వస్తే జనం ఎలాగూ పోగవుతారు. లోపల కథ మాత్రం దొరది, వెట్టిది. భార్య జానకమ్మ కూడా పాడేవారు. హనుమంతు 1982లో చనిపోయారు. ఇద్దరి పేరు మీదా ఇప్పుడు ఏటా ఒక పురస్కారం ఇస్తున్నారు. కొడుకు అశోక్‌తేజకి ‘ఠాగూర్’ సినిమా పాటకి 2003 జాతీయ అవార్డు వచ్చింది.

ఆ పాట ఒక పిల్లవాడితో మాట్లాడుతుంది. వాడు దొర పశువులు కాస్తున్నాడు. నీకు వయసెంత, ఎందుకిలా వచ్చావు అన్నట్టు అడుగుతూ పోతుంది. చినిగిన గొంగడి, కాళ్లకి తాటి జోళ్లు, జీతంగా కొలిచే వడ్లలో తాలు, అన్నీ కనపడతాయి. ఒక్క నినాదం లేదు. నేను మొదటిసారి విన్నప్పుడు ఇది జోలపాటేమో అనుకున్నాను. అంత మెల్లగా ఉంటుంది. అందుకే జానపదం అనుకుని ఉంటాను, నా వెనకేసుకు రావడం కాదు గానీ.

వాడి ఉద్యోగం పేరు జీతగాడు. ‘జీతం’ అంటే మనకి ఒకటో తారీఖు వచ్చే మెసేజ్. అప్పటి మాటలో జీతం ఉండడం అంటే ఏడాది పొడుగునా ఒకరి ఇంటి మనిషివైపోవడం. తండ్రి అప్పు చేస్తాడు. పెళ్లికో, చావుకో, విత్తనాలకో. తీర్చలేడు. కొడుకుని పెడతాడు. కొడుకు పని వడ్డీకి కూడా చాలదు, అసలు అలాగే ఉంటుంది. దీన్నే భగేలా అనేవాళ్లు. ఇది తప్పని నిజాం ప్రభుత్వానికి కూడా తెలుసు. భగేలా ఒప్పందాల మీద 1936లోనే చట్టం తెచ్చింది. కాగితం మీద. హనుమంతు ఆ పిల్లవాడి గురించి రాసింది ఆ చట్టం వచ్చిన తర్వాతే. తర్వాత స్వతంత్ర భారతంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, దానికి ముందు 1975 అక్టోబర్‌లో ఆర్డినెన్స్. ఈ రెండు చట్టాల మధ్య నలభై ఏళ్లు.

ఆ నలభై ఏళ్లలో పన్నెండేళ్లు మా తాతవి.

ఇది నాకు తెలియదు. అంటే, తాత చిన్నప్పుడు పశువులు కాసేవాడని తెలుసు. మా ఇంట్లో అది ఒక జోకు లాగా వచ్చేది. మార్కులు తక్కువొస్తే "తాత లెక్క బర్లు కాస్తవా?" అని బాపు అనేవాడు, తాత నవ్వేవాడు. అంతవరకే. కామెంట్ దెబ్బ తగిలాక నేను ఊరెళ్లాను, జనగామ దగ్గరే మాది. రాత్రి అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని ఫోన్లో ఈ పాట పెట్టాను, "తాతా, ఈ పాట ఎవరిదో తెలుసా" అని అడుగుదామని. తాత మొత్తం విన్నాడు. కళ్లు మూసుకుని. నేను ఏదో భావోద్వేగం వస్తుందని ఎదురుచూస్తున్నాను, సిగ్గుగా ఉంది కానీ నిజం చెప్తున్నా, కెమెరా తీద్దామా అని కూడా అనుకున్నాను. తాత కళ్లు తెరిచి అడిగింది ఇది:

"గా పిలగాని పేరేంది బిడ్డా?"

ఏ పిల్లగాడు తాతా?

"గదే, పాటల పిలగాడు. గంతసేపు అడిగిండు గదా, నీకు గొంగడున్నదా, జోళ్లున్నయా అని. పేరు అడగలే."

నేను పాట మళ్లీ పెట్టాను. నిజమే, పేరు లేదు. పాట రాసినాయన పేరు పోయిందని నేను వెతుక్కుంటూ వచ్చాను, తాతకేమో పాటలో ఉన్నవాడి పేరు కావాలి.

"అట్లనే ఉంటుండె తియ్యి. మమ్ముల ఎవలు పేరు వెట్టి పిలిచిండ్రు. ‘ఓ జీతగా’ అంటే ఉరుకుడే."

అక్కణ్ణుంచి మొదలుపెట్టి తాత రెండు గంటలు చెప్పాడు. పెద్దక్క పెళ్లికి వాళ్ల నాయన అప్పు చేశాడు. ఎంతో తాతకి తెలియదు, ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. ఒక ఉగాది నాడు తీసుకుపోయి పటేల్ ఇంట్లో దింపారు. ఎనిమిదేళ్లు ఉంటాయేమో. అప్పటికి రజాకార్లు పోయారు, నిజాం పోయాడు, జాగీర్లు రద్దయ్యాయి, ఓట్లు కూడా పడ్డాయి. పటేల్ ఇంటి కొట్టం మాత్రం అక్కడే ఉంది. పడక అందులోనే. ప్రతి ఉగాదికి లెక్క చూసేవాళ్లు, ప్రతి ఉగాదికి "ఇంకో ఏడాది" అనేవాళ్లు. జీతం వడ్లు అమ్మ వచ్చి తీసుకుపోయేది. ఆ రోజు అమ్మ కనపడుతుందని తాత గొడ్లని పొద్దుగూకక ముందే మలుపుకొచ్చేవాడు, దానికి దెబ్బలు పడేవి.

మందలో గొడ్లెన్ని అని అడిగాను. నంబర్ చెప్పలేదు, పేర్లు చెప్పాడు. ఎర్రావు, బొల్లావు, కొమ్ములు వంకర తిరిగిన దానికి ఒక పేరు, పొడిచే కోడెకి ఒక పేరు. అరవై ఏళ్ల కిందటి గొడ్లు! లెక్క రాదు కాబట్టి ఇంటికి తోలేముందు పేర్లతో చూసుకునేవాడట, ఒక్క పేరు తప్పితే మళ్లీ అడవికి.

మరి ఈ పాట అప్పుడు వినలేదా అని అడిగాను. ఇదే నేను అసలు తెలుసుకోవాలనుకున్నది. తన గురించే ఉన్న పాట, తన జిల్లాలోనే పుట్టిన పాట, తను కొట్టంలో పడుకున్నప్పుడు ఎవరైనా పాడారా? లేదు. ఒక్కసారి కూడా వినలేదు. "మా నాయనకు ఎర్కుండొచ్చు. ఆయన సంగంల తిరిగిండంటరు. గాని పాడేటోడు కాదు. గా పాటలు పాడితె పట్టుకపోతుండ్రట."

ఆలోచించండి. 1940లలో ఊరూరా మోగిన పాట, పదేళ్లు తిరక్కుండానే ఇంట్లో తండ్రి కొడుక్కి కూడా పాడలేదు. సైన్యం క్యాంపులు వచ్చాయి, సంగం వాళ్లు జైళ్లకో అడవికో వెళ్లారు, ఊళ్లో మిగిలినవాళ్లు నోరు మూసుకున్నారు. పాటలు జనం నోళ్లలో బతుకుతాయి అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ నోళ్లకి భయం ఉంటుంది, పిల్లలుంటారు. ఇది ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు, మా అరుగు మీదే విన్నాను.

తాత మొదటిసారి విన్నది 1980లో, ‘మాభూమి’ సినిమాలోనే. అప్పటికి జీతం నుంచి బయటపడి పదిహేనేళ్లు. పెళ్లయింది, బాపు కడుపున పుట్టాడు, కొంచెం కౌలు భూమి. దోస్తులు తీసుకెళ్లారు, మన పోరాటం సినిమా అని. నేను ఉత్సాహంగా "ఎట్లనిపించింది తాతా?" అన్నాను.

"పాట మొదలైంది. నేను లేచి బయటికి వోయిన. బీడీ తాగిన. అయిపోయిందన్నంక లోపటికొచ్చిన."

ఎందుకని అడిగాను. చెప్పలేదు. ఇంకోసారి అడిగాను. "పక్కపొంటి మనోళ్లున్నరు గదరా" అన్నాడు.

అంటే చీకట్లో, పక్కన కూర్చున్నవాళ్లకి తను ఏడుస్తున్నట్టు తెలుస్తుందనా? లేక తను జీతగాడినని వాళ్లకి గుర్తొస్తుందనా? నేను మూడోసారి అడగలేదు. ఈ ఎపిసోడ్ రాసుకునేటప్పుడు చాలాసార్లు ఆ వాక్యం దగ్గర ఆగాను. ఎందుకంటే మనకి ఆ పాట ఇన్‌స్పిరేషన్. నేను గోడకి ఆనుకుని, మంచి లైటింగ్‌లో పాడాను. ఆ పాట ఎవరి గురించో వాళ్లు థియేటర్లోంచి లేచి బయటికి వెళ్లారు.

దీన్ని బట్టి ఆ పాట పాడకూడదు అనట్లేదు. తాత కూడా అనలేదు. పైగా ఆ రాత్రే మళ్లీ పెట్టించుకున్నాడు, ఈసారి విమర్శ మొదలైంది. "గొంగడి చినిగినా ఎచ్చగనే ఉంటది, చలి కాదు బిడ్డా, ఆకలి" అన్నాడు. తాలు వడ్ల దగ్గర "గది నిజం" అని తొడ మీద కొట్టుకున్నాడు. హనుమంతు గారు ఎక్కడున్నారో కానీ, ఆయన పాటకి ఇంతకంటే అర్హత ఉన్న రివ్యూ రాసినవాళ్లు ఉండరు.

తర్వాత నేను, మీరు గొడ్లు కాసేటప్పుడు ఏం పాడుకునేవాళ్లు అని అడిగాను. నలుగురైదుగురు జీతగాళ్లు ఒకే గుట్ట మీద కలిసేవాళ్లు కదా, పాటలు లేకుండా ఉంటాయా? ఉన్నాయట. ఒకడు కట్టేవాడట, వాడి పేరు మాత్రం తాతకి గట్టిగా గుర్తుంది. పటేల్ మీద బూతు పాటలు కూడా ఉన్నాయట. అప్పుడు మాత్రం నేను ఫోన్ రికార్డింగ్ ఆన్ చేశాను. తాత గొంతు సవరించుకున్నాడు, సగం లైను అన్నాడు, ఆగాడు. "యాదికొస్తలేదు" అన్నాడు. ఇంకో దాన్ని మొదలుపెట్టాడు, అదీ ఆగిపోయింది. నా ఫోన్లో ఇప్పుడు నాలుగు నిమిషాల ఫైల్ ఉంది. అందులో దగ్గు, మా వీధి కుక్కలు, రెండు సగం లైన్లు. జానపదం, రచయిత తెలియదు అని నిజంగా రాయాల్సింది దాని కింద. కాకపోతే రచయిత పేరు తెలుసు, పాటే పోయింది.

ఇక పని విషయాలు. పాత వీడియో డిస్క్రిప్షన్ మార్చేశాను: రచన సుద్దాల హనుమంతు. ‘బండెనక బండి’ వాడిన రెండు ఎపిసోడ్లలో బండి యాదగిరి పేరు చేర్చాను. కామెంట్ పెట్టిన వ్యక్తికి థ్యాంక్స్, దాన్ని పిన్ చేశాను. మీ దగ్గర మీ ఊళ్లో కట్టిన పాటలు ఏమైనా ఉంటే, కట్టినవాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్ల పేరుతో కలిపి పంపండి.

చివరిగా, చాలామంది అడుగుతారని ముందే చెప్తున్నా. తాత పేరేంటి, వీడియోలో ఎందుకు చూపించలేదు అని. పేర్లు పెట్టండి పెట్టండి అని ఇంతసేపు చెప్పి నేనే పెట్టలేదు కదా. పెడదామనే అడిగాను. తాత ఒప్పుకోలేదు. "నా పేరు వెడితె ఆ పటేల్ ఎవలో ఊళ్లె అందరికి ఎర్కయితది. వాళ్ల మనుమరాలి పెండ్లి వచ్చె నెల. కార్డిచ్చిపోయిండ్రు. నేను పోవాలె" అన్నాడు.

తేదీ కూడా చెప్పాడు. బండి మీద తీసుకుపొమ్మన్నాడు, నడవలేడు కదా. కాబట్టి వచ్చే నెల ఎపిసోడ్ రెండు రోజులు లేటవుతుంది. ఉంటాను.